మూడు సున్నాల లేఖ: పరిహారం రాని వీఏ రేటింగ్‌తో ఒక తెలుగు వెటరన్ ఏం చేశారు

"సర్వీస్ కనెక్షన్ మంజూరు, రేటింగ్ 0 శాతం." వీఏ నుంచి వచ్చే నిర్ణయ లేఖలో ఈ వాక్యం కనిపిస్తే మనవాళ్లు చాలామంది దాన్ని తిరస్కారంగానే చదువుకుంటారు. వీఏ అంటే అమెరికా ప్రభుత్వంలో మాజీ సైనికుల (వెటరన్ల) వ్యవహారాలు చూసే శాఖ. సర్వీస్ కనెక్షన్ అంటే ఆ జబ్బుకూ సైన్యంలో చేసిన సర్వీసుకూ లంకె ఉందని ఒప్పుకోవడం. రేటింగ్ అంటే జబ్బు తీవ్రతకు వేసే శాతం, నెలనెలా వచ్చే పరిహారం దాన్ని బట్టే. నేను టెక్సస్‌లో వెటరన్ల తరఫున క్లెయిములు నడిపే, ఆ శాఖ గుర్తింపు ఉన్న క్లెయిమ్స్ ఏజెంట్‌ని. ఈ కేసు నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు వెటరన్‌ది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయనది వరంగల్ వైపు. స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్‌కి వచ్చి, 2010లో మావ్నీ పథకం కింద ఆర్మీలో చేరారు. గ్రీన్‌కార్డు లేకపోయినా, సైన్యానికి కావలసిన భాష వచ్చినవాళ్లనూ కొన్ని వైద్య వృత్తులవాళ్లనూ చేర్చుకుని త్వరగా పౌరసత్వం ఇచ్చిన పథకం అది. 2009లో మొదలై 2016లో ఆగిపోయింది. ఈయనకు అక్కరకొచ్చింది హిందీ. సిగ్నల్ యూనిట్‌లో నాలుగేళ్లు చేశారు. అందులో ఒక విడత అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌లో, జనరేటర్ల హోరు పక్కన, చెత్త తగలబెట్టే గుంతల పొగలో గడిచింది. 2014లో గౌరవప్రదంగా బయటికొచ్చి, అందరిలాగే ఐటీలో పడ్డారు.

సర్వీసులో విషపదార్థాల బారిన పడినవారికి సాయం పెంచే పాక్ట్ చట్టం 2022 ఆగస్టులో వచ్చాక, పొగ పీల్చినవారి క్లెయిముల గురించి ఊరంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఈయన కూడా 2023లో ఒకటి వేశారు. అందులో మూడు అంశాలు: వినికిడి లోపం, ముక్కుకు సంబంధించిన రైనైటిస్, సర్వీసులో ఉండగానే బయటపడిన అధిక రక్తపోటు. మూడూ మంజూరయ్యాయి. మూడింటికీ సున్నా శాతమే.

"మూడు సున్నాలు ఇచ్చిన్రన్నా. కలిపినా సున్నానే గదా. అప్పీలు చేద్దాం" అంటూ లేఖ పట్టుకుని వచ్చారు.

అంకె సరైనదేనా?

ముందు చూడాల్సింది వీఏ లెక్క తప్పిందా అన్నది. ఫెడరల్ నిబంధనల 38వ టైటిల్‌లో 4.31 అనే చిన్న సెక్షన్ ఉంది. జబ్బు ఉండి, అది సర్వీసు వల్లే వచ్చిందని తేలి, పరిహారం ఇచ్చే కనీస మెట్టుకు లక్షణాలు అందకపోతే సున్నా వేయాలంటుందది. కాబట్టి ఒక్కో అంశానికీ ఆ కనీస మెట్టు ఎక్కడుందో వెతికాం.

వినికిడికి వీఏ దగ్గర ఉన్నది కేవలం పట్టికల లెక్క. 1000, 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి స్థాయుల సగటు ఒకటి, మేరీలాండ్ సీఎన్‌సీ అనే మాటల పరీక్షలో వచ్చిన శాతం ఒకటి. రెండూ కలిపి ఒక్కో చెవికి ఒక రోమన్ అంకె, ఆ రెండు అంకెలు కలిసే గడిలో రేటింగ్. ఈయనకు ఒక చెవి ఒకటి, ఇంకో చెవి రెండు. ఆ గడిలో సున్నా ఉంది. మీటింగులో ఎంత ఇబ్బంది పడుతున్నారన్నది ఆ పట్టికకు పట్టదు.

ఇక్కడ మనవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ మాటల పరీక్షలో వినిపించేవి ఒంటి అక్షరాంశపు ఇంగ్లీషు మాటలు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు మాట వినపడక తప్పు చెప్పారో, మాట తెలియక తప్పు చెప్పారో తేల్చడం కష్టం. అందుకే 4.85 సెక్షన్‌లో ఒక వెసులుబాటు పెట్టారు. భాషా ఇబ్బంది వల్ల మాటల పరీక్ష సరిపడదని పరీక్షించిన నిపుణులు ధ్రువీకరిస్తే, వినికిడి స్థాయులు మాత్రమే చూసే వేరే పట్టిక వాడాలి. ఈ కేసులో అది అక్కరకు రాలేదు. ఈయన చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం, మాటల పరీక్షలో బాగానే చేశారు, రెండో పట్టికలో పెట్టి చూసినా అంకె మారలేదు. కానీ పెద్ద వయసులో ఇక్కడికొచ్చి సైన్యంలో చేరినవాళ్ల ఫైలు వస్తే నేను మొదట తిప్పే పేజీ ఇదే.

రైనైటిస్‌కి పది శాతం రావాలంటే రెండు ముక్కు రంధ్రాలూ సగానికి పైగా మూసుకుపోవాలి, లేదా ఒకటి పూర్తిగా మూసుకుపోవాలి. పరీక్షలో అంత లేదు. అక్కడితో ఆ ముచ్చట ముగిసింది.

రక్తపోటు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. కింది అంకె ఎక్కువసార్లు 100 గానీ ఆపైన గానీ, లేదా పై అంకె ఎక్కువసార్లు 160 గానీ ఆపైన గానీ ఉంటే పది శాతం. మందులు వాడుతూ అదుపులో ఉన్నా, ఒకప్పుడు కింది అంకె ఎక్కువసార్లు 100 గానీ ఆపైన గానీ ఉన్న చరిత్ర ఉండి, మందు నిరంతరం కావాల్సి వస్తే కూడా పది శాతమే. ఈ రెండో దారి చాలామందికి తెలియదు. అందుకని సర్వీసు నాటి వైద్య రికార్డులు మొత్తం తెప్పించాం. మందు మొదలుపెట్టక ముందు కొలతలన్నీ 92కీ 98కీ మధ్యే ఆడుతున్నాయి. ఒక్కటి మాత్రం 102. నిబంధనలో ఉన్నది "ఎక్కువసార్లు" అన్న మాట, ఒక్క కొలతతో పని జరగదు. "మందు మానేస్తే ఇంకా పెరుగుతది గదా, అది లెక్కకు రాదా?" అని ఆయన అడిగారు. కొన్ని జబ్బుల్లో ఆ వాదన నిలుస్తుంది. రక్తపోటులో నిలవదు. వెటరన్స్ క్లెయిముల అప్పీలు కోర్టు 2016లో మెకారల్ కేసులో ఆ తలుపు మూసేసింది. ఈ నిబంధనలోనే మందుల ప్రస్తావన ఉంది కాబట్టి, మందుతో తగ్గిన అంకెనే చూడాలని తీర్పు.

మిగిలింది 3.324 సెక్షన్. శాశ్వతమైన సున్నా శాతం లోపాలు రెండో అంతకు మించో ఉండి, అవన్నీ కలిసి మామూలుగా ఉద్యోగం చేసుకునే సామర్థ్యానికి స్పష్టంగా అడ్డొస్తే, మొత్తానికి ఒక పది శాతం ఇవ్వొచ్చంటుంది. ఇంకే పరిహార రేటింగూ లేనప్పుడే ఇది వర్తిస్తుంది. పని మానుకోవాల్సి వచ్చినవాళ్లకు, సెలవుల మీద సెలవులు పెట్టేవాళ్లకు దీన్ని తప్పకుండా అడుగుతాను. ఈయన మంచి జీతంతో పూర్తికాలం పనిచేస్తున్నారు. అడిగితే కాదంటారు, ఆ కాదనడం కూడా న్యాయమే.

ఈలోగా వాట్సాప్ గ్రూపులో ఎవరో సలహా ఇచ్చారట: "చెవుల్లో మోత అని రాయి, పది శాతం గ్యారంటీ." వీఏ సర్వీస్ కనెక్షన్ ఇచ్చే సమస్యల్లో చెవి మోతదే మొదటి స్థానం. బయటి నుంచి కొలిచే పరికరం లేదు, మనిషి చెప్పిందే ఆధారం, రేటింగ్ పది శాతం. "మీకు మోత ఉందా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "లేదన్నా, నిజంగ లేదు" అన్నారు. అయితే రాయొద్దన్నాను. 2025 లెక్కన పది శాతానికి నెలకు 175 డాలర్ల పైచిలుకు వస్తుంది. దానికోసం ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం రాసిస్తే నేరం. పైగా ఈ ఫైలుకు చట్టం ఇచ్చే పెద్ద రక్షణ ఒకటుంది, మోసం బయటపడితే అది ఎగిరిపోతుంది. దాని సంగతి కింద చెబుతాను.

అప్పీలు వద్దన్నాను. నిర్ణయ లేఖ తేదీ నుంచి ఏడాది గడువు ఎలాగూ ఉంటుంది, కొత్త రికార్డు ఏదైనా దొరికితే సప్లిమెంటల్ క్లెయిమ్ వేయొచ్చు. అప్పటిదాకా చేతికొచ్చిన దాన్ని వాడుకుందామన్నాను.

చేతికొచ్చింది ఏమిటి

వీఏ క్లెయిముల్లో గెలవడానికి కష్టమైన భాగం శాతం కాదు. ఇప్పుడున్న జబ్బుకూ అప్పటి సర్వీసుకూ మధ్య లంకె నిరూపించడం. పదేళ్ల కిందటి రికార్డులు, డాక్టరు అభిప్రాయం, సాక్ష్యాలు, ఈ పోరాటమంతా ఆ లంకె కోసమే. సున్నా శాతం లేఖతో ఆ పోరాటం ముగిసినట్టే. రేపు జబ్బు ముదిరితే, ముదిరిందని చూపితే చాలు. ఆ జబ్బు వల్ల ఇంకో జబ్బు వస్తే, 3.310 సెక్షన్ కింద ఆ రెండో జబ్బు కూడా సర్వీసు ఖాతాలోకే వస్తుంది.

సర్వీస్ కనెక్షన్ పదేళ్లు అమల్లో ఉంటే, మోసం చేసి తెచ్చుకున్నారని గానీ, అసలు అర్హమైన సర్వీసే లేదని గానీ తేలితే తప్ప వీఏ దాన్ని తెంచలేదు. సున్నా శాతానికీ ఈ రక్షణ ఉంది. నేను పైన చెప్పిన రక్షణ ఇదే. ఈయన విషయంలో ఆ తేదీ 2033లో వస్తుంది.

వైద్యం విషయం. లంకె కుదిరిన జబ్బులకు వీఏ ఆసుపత్రిలో కోపే (రోగి తన వాటాగా కట్టే ఫీజు) లేదు, మందులకు కూడా లేదు. వినికిడి లోపం సున్నా శాతమైనా, దానివల్ల ఇతరులతో మాటామంతీ దెబ్బతింటే వినికిడి యంత్రాలు ఇవ్వాలని 17.149 సెక్షన్ విడిగా చెబుతుంది. బయట కొంటే వేల డాలర్ల సరుకు. ఈయనకు రెండు చెవులకూ ఇచ్చారు, బ్యాటరీలతో సహా. ఆ జబ్బుల అపాయింట్‌మెంట్లకు కారులో వెళ్తే మైలుకు 41.5 సెంట్ల చొప్పున ప్రయాణ ఖర్చు, కొంత మినహాయింపు పోను, తిరిగొస్తుంది. 30 శాతం ఉంటేనే ఈ డబ్బు వస్తుందని ప్రచారం ఉంది. అది వేరే జబ్బుల కోసం వెళ్లినప్పటి మాట.

మిగతా వైద్యం సంగతికొస్తే, సున్నా శాతం ఒక్కటే ఉండి ఆదాయం ఎక్కువగా ఉన్నవాళ్లను వీఏ ఎనిమిదో ప్రాధాన్య వర్గంలో అడుగున పెట్టి, లంకె కుదిరిన జబ్బుకు మాత్రమే చూస్తుంది. ఈయన బాగ్రామ్‌లో పనిచేయడం ఇక్కడ కలిసొచ్చింది. పాక్ట్ చట్టం కింద 2024 మార్చి 5 నుంచి, విషపదార్థాల మధ్య పనిచేసినవాళ్లు ఎవరైనా నేరుగా నమోదు కావచ్చు. అలా ఆరో వర్గంలో చేరారు. మోకాలి నొప్పికి స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే 50 డాలర్ల కోపే కడతారు, బీపీకి వెళ్తే కట్టరు.

ఫెడరల్ ఉద్యోగాల్లో "పది పాయింట్ల ప్రాధాన్యం" సున్నా శాతానికీ ఉంది. వైకల్యం ఎంత శాతమో చట్టం అడగదు, ఉందా లేదా అన్నదే అడుగుతుంది. కాకపోతే దీన్ని ఎక్కువ ఊహించుకోవద్దు. ఇప్పుడు చాలా శాఖల్లో పాయింట్లు కలపడం పోయి, అభ్యర్థులను వర్గాలుగా విడదీసే పద్ధతి వచ్చింది. అందులో 10 శాతం, ఆపైన ఉన్నవాళ్లు చాలా ఉద్యోగాల్లో అన్నిటికంటే పై వర్గంలోకి వెళ్తారు. సున్నావాళ్లు తమ వర్గంలోనే ప్రాధాన్యం లేనివాళ్లకంటే ముందుంటారు, అంతే.

ఇంకొకటి వీఏలైఫ్ బీమా. 2023 జనవరిలో మొదలైంది. సర్వీస్ కనెక్షన్ ఉండి 80 ఏళ్లలోపు ఉంటే చాలు, శాతంతో పని లేదు, ఆరోగ్య ప్రశ్నలు లేవు, 40,000 డాలర్ల దాకా తీసుకోవచ్చు. పూర్తి కవరేజీ రెండేళ్ల తర్వాతే మొదలవుతుంది. బీపీ మందులు వాడేవాళ్ల మీద ప్రైవేటు కంపెనీలు ప్రీమియం బాదుతాయి కాబట్టి ఈయన తీసుకున్నారు.

సైనిక స్థావరాల్లోని కమిసరీ అనే సరుకుల దుకాణాల్లో కొనుక్కునే హక్కు 2020 జనవరి నుంచి సర్వీస్ కనెక్షన్ ఉన్న అందరికీ వచ్చింది. ఫోర్ట్‌వర్త్ నేవల్ ఎయిర్ స్టేషన్‌లో ఒకటుంది. ఒకసారి వెళ్లొచ్చి వాళ్లావిడ లెక్క తేల్చేసింది: బియ్యం, కందిపప్పు అక్కడ మనకు పనికొచ్చేవి లేవు, మిగతావాటిలో మిగిలింది పెట్రోలుకు పోయింది. ఆ ముచ్చట అక్కడితో సరి.

రానివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈయన దెబ్బతిన్నది ఇక్కడే. వీఏ హోమ్‌లోన్ మీద కట్టే ఫండింగ్ ఫీజు "ఏ రేటింగ్ ఉన్నా మాఫీ" అని ఎవరో చెప్పగా, ఆ లెక్కతోనే ఇల్లు చూసుకున్నారు. మాఫీ పరిహారానికి అర్హత ఉన్నవాళ్లకే. డౌన్ పేమెంట్ లేకుండా మొదటిసారి తీసుకుంటే 2.15 శాతం, అంటే 4,00,000 డాలర్ల అప్పు మీద 8,600. దాన్ని అప్పులో కలుపుకోవాల్సి వచ్చింది. తర్వాత ఎప్పుడైనా పరిహార రేటింగ్ వచ్చి, దాని అమలు తేదీ ఇంటి రిజిస్ట్రేషన్ కంటే ముందుదైతే ఆ ఫీజు వెనక్కి అడగొచ్చు. అందుకే ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ కాగితాలు పారేయొద్దని చెప్పాను. టెక్సస్ ఆస్తిపన్ను మినహాయింపు 10 శాతం నుంచే మొదలవుతుంది. వీఏ ఖర్చుతో కొత్త వృత్తిలో శిక్షణ ఇచ్చే చాప్టర్ 31 కూడా అంతే.

కంపెనీ కథ

మన పాఠకులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ భాగం. సర్వీసులో వైకల్యం పొందిన వెటరన్ నడిపే చిన్న వ్యాపారాలకు ఫెడరల్ కాంట్రాక్టుల్లో విడిగా కోటా లాంటి లక్ష్యం ఉంది. అన్ని శాఖలకూ కలిపి అది 3 శాతంగా ఉండేది, 2023 చివర్లో వచ్చిన చట్టం దాన్ని 5 శాతానికి పెంచింది. వెటరన్ రేటింగ్ సున్నా అయినా అర్హతే. వీఏ సొంత కాంట్రాక్టుల్లో అయితే, పోటీకి ఇద్దరు అర్హులైన వెటరన్ వ్యాపారులు సరైన ధరకు వస్తారనిపిస్తే వాళ్ల మధ్యే పోటీ పెట్టాలి. ఇది వీఏ ఇష్టాయిష్టాల మీద లేదని 2016లో కింగ్‌డమ్‌వేర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈయనకూ బావమరిదికీ కలిపి ఒక చిన్న ఐటీ కంపెనీ ఉంది, చెరి సగం. మూడు సున్నాల లేఖ ఆ కంపెనీకి ఎంత విలువైనదో చెప్పినప్పుడు ఆయన మొహంలో మొదటిసారి కళ కనిపించింది. కానీ పని చాలా ఉంది. ఇది అలాంటి వెటరన్ వ్యాపారమేనని సర్టిఫికెట్ ఇచ్చేది 2023 నుంచి స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అనే ఫెడరల్ సంస్థ. దరఖాస్తుకు ఫీజు లేదు. వెటరన్‌కు కనీసం 51 శాతం వాటా నేరుగా, షరతులు లేకుండా ఉండాలి. నిర్ణయాలన్నీ ఆయన చేతిలో ఉండాలి. ఆఫీసు వేళల్లో వేరేచోట ఉద్యోగం చేస్తుంటే, కంపెనీ మీద అదుపు ఆయనది కాదనే అనుమానంతోనే ఫైలు మొదలవుతుంది. ఈయన చేస్తున్నది సరిగ్గా అదే.

బావమరిదితో మాట తేలడానికి ఉద్యోగం వదలడంకంటే ఎక్కువ కాలం పట్టింది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, ఇంట్లో అది ఒక్క శాతంగా ఉండదు. చివరికి వాటా మార్చి, ఒప్పంద పత్రంలో "ఇద్దరూ ఒప్పుకుంటేనే" అన్న క్లాజులన్నీ తీసేసి, ఈయన ఉద్యోగం మానేశాకే దరఖాస్తు పెట్టారు. సర్టిఫికెట్ వచ్చింది. పెద్ద కాంట్రాక్టేమీ ఇంకా తగల్లేదు. తన సబ్‌కాంట్రాక్టింగ్ లక్ష్యం కోసం ఇలాంటి కంపెనీలను వెతుక్కుంటున్న ఒక పెద్ద సంస్థ కింద ఒక చిన్న పని నడుస్తోంది.

ఆ మధ్యలో ఇంకో రకం బేరం కూడా వచ్చింది. "51 శాతం మీ పేరు మీద పెట్టండి, పనంతా మేం చూసుకుంటాం, నెలకింత మీకు" అని. దీనికి మన భాషలో బినామీ అని చక్కటి పేరుంది. ఇక్కడ ఇలాంటివి ఫెడరల్ మోసం కేసులై, జైలుదాకా వెళ్తాయి. పేరు అరువిచ్చిన వెటరన్ కూడా ముద్దాయే. ఈయన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లు మన సమాజంలో లేరని నేను అనలేను.

నాలుగో సున్నా

వీఏలో నమోదైన తర్వాత జరిగిన మామూలు పరీక్షల్లో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందని తేలింది. మళ్లీ చేశారు, మళ్లీ అదే. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె డెబ్బైల్లో ఉంది. షుగరు లేదు. రక్తపోటు వల్లే కిడ్నీ దెబ్బతింటోందని వీఏ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) నోట్‌లో రాశారు. ఆ నోటే మాకు కావలసిన సాక్ష్యం. సర్వీసులో కిడ్నీ జబ్బు లేదు, దాని ఊసే లేదు, విడిగా వేస్తే ఆ క్లెయిమ్ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేది. రక్తపోటుకు ముందే లంకె ఉంది కాబట్టి, దానికి ఉపశాఖగా వేశాం. నిబంధనల ప్రకారం ఇది కొత్త క్లెయిమే, దానికి నేను ఫీజు తీసుకోకూడదు, తీసుకోలేదు. ఇలాంటి దశలో శాతాల లెక్కన డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల పేరు వీఏ గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసులో ఇదే పని ఉచితంగా చేస్తారు.

క్లెయిమ్ మంజూరైంది. రేటింగ్ మళ్లీ సున్నా. 2021లో మారిన కిడ్నీ నిబంధనల్లో, ఈజీఎఫ్‌ఆర్ 60కీ 89కీ మధ్య ఉండి మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి 30 గానీ ఆపైన గానీ కనీసం మూడు నెలలు వరసగా కొనసాగితే సున్నా. ఈజీఎఫ్‌ఆర్ 45కీ 59కీ మధ్యకు పడితే ఒక్కసారిగా 30 శాతం, మధ్యలో మెట్లు లేవు. అది రాకూడదనే అందరం కోరుకుంటాం, ఆయన ఉప్పు తగ్గించారు, ఆవకాయ మీద డాక్టరుతో ఇంకా బేరాలాడుతున్నారు. కానీ వస్తే, అప్పుడు చూపాల్సింది ల్యాబ్ రిపోర్టులు మాత్రమే.

ఈసారి లేఖ తెచ్చినప్పుడు వాళ్లావిడ కూడా వచ్చింది. ఆమెతో ఒక విషయం విడిగా మాట్లాడాను, ఇది చెప్పడం ఎప్పుడూ ఇబ్బందే. లంకె కుదిరిన జబ్బు వల్ల, లేదా దాని ఉపశాఖల వల్ల మనిషి పోతే, బతికున్న భార్యకు డీఐసీ అనే నెలసరి సాయం వస్తుంది. 2025 లెక్కన 1,600 డాలర్ల పైచిలుకు. బతికున్నప్పటి రేటింగ్ సున్నా అయినా సరే. మరణ ధ్రువపత్రంలో కారణంగా "గుండె ఆగిపోయింది" అని మాత్రమే రాసి ఊరుకుంటే, వెనకున్న కిడ్నీ జబ్బో రక్తపోటో కాగితం మీదకే రాదు. ఆ కాగితం నింపేటప్పుడు డాక్టరుకు ఈ లేఖలు చూపించాలి. ఆమె రాసుకుంది, లేఖలు ఎక్కడ పెడుతున్నారో భర్తను అక్కడే అడిగి తెలుసుకుంది.

ఫైలులో ఇప్పుడు మిగిలిన పని ఇది. ల్యాబ్ పరీక్షలు మూడు నెలలకోసారి తప్పకుండా చేయించుకోవాలి, ఎందుకంటే నిబంధన అడిగేది వరసగా మూడు నెలల కొలతలు. ఈజీఎఫ్‌ఆర్ 60 దిగితే, రెండో రిపోర్టు కోసం ఆగకుండా ఆ వారమే ఇంటెంట్ టు ఫైల్, అంటే క్లెయిమ్ వేయబోతున్నామని చెప్పే నోటీసు, పెట్టాలి. అది ఏడాదిపాటు తేదీని పట్టి ఉంచుతుంది. వినికిడి పరీక్ష రెండేళ్లకోసారి. కంపెనీ సర్టిఫికెట్ గడువు మూడేళ్లు, ఆ తేదీ ఆయన క్యాలెండర్‌లోనూ ఉంది, నా క్యాలెండర్‌లోనూ ఉంది.